హైడ్రాలిక్ ఆయిల్‌లో నీళ్లు: వినకూడని పది సలహాలు

డాలస్‌కు ఉత్తరాన సెలీనా దాటాక ఐదెకరాలు, పదెకరాలు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఇవాళ చాలానే కనిపిస్తాయి. గడ్డి పెంచి, మోపులు కట్టించి, వ్యవసాయ భూమి కింద పన్ను తగ్గించుకునేవాళ్లు కొందరు. తేనెటీగల పెట్టెలు పెట్టినవాళ్లు కొందరు. గోంగూర, బెండ, సొర వేసి ఆదివారం నలుగురికీ పంచేవాళ్లు ఇంకొందరు. అందరి దగ్గరా ఒక ట్రాక్టరు ఉంటుంది. కొత్త కుబోటానో మహీంద్రానో కొన్నవాళ్లు ఉన్నారు. వేలంలో పాత ఫోర్డ్ 8ఎన్, మాసీ ఫెర్గూసన్ 135 తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఊళ్లో నాన్న నడిపిన మాసీ మీద ప్రేమతో కొన్నామని చెప్పేవాళ్లు తక్కువేం కాదు.

ఇంజిన్ మొరాయిస్తే వీళ్లంతా మెకానిక్‌ను పిలుస్తారు. హైడ్రాలిక్ ఆయిల్ తెల్లబడితే మాత్రం పక్క పొలం ఆయన్ని అడుగుతారు, బంధువుల్ని అడుగుతారు, ఊరికి ఫోన్ చేసి అడుగుతారు. సలహాలకు కొదవుండదు. వాటిలో ఎక్కువ భాగం ఒక్క కోరికలోంచి పుట్టినవే: నూనె మొత్తం దించకుండా ఎలాగోలా గట్టెక్కాలి. ఆ కోరిక వల్లే బకెట్ నూనెతో తీరాల్సిన పని పంపు దాకా, క్లచ్ దాకా, బ్రేకుల దాకా పోతోంది. అందుకే వినకూడని సలహాలను, ఎందుకు వినకూడదో కారణాలతో సహా, ఒకచోట పెడుతున్నాను.

ముందుగా ఒక సంగతి తెలిసి ఉండాలి. చాలా ట్రాక్టర్లలో గేర్లకు, వెనక ఇరుసుకు, లిఫ్టుకు, పవర్ స్టీరింగుకు, నూనెలో మునిగి ఉండే బ్రేకులకు అన్నింటికీ ఒకే నూనె. హ్యారీ ఫెర్గూసన్ లిఫ్టు పద్ధతితో 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ దగ్గర్నుంచి ఈ పద్ధతి ఊపందుకుంది. 1947 నుంచి 1952 దాకా తయారైన 8ఎన్‌లో హైడ్రాలిక్ పంపు గేర్లున్న హౌసింగులోనే, అదే ఐదు గ్యాలన్ల నూనెలో మునిగి ఉంటుంది. కాబట్టి గేర్ రాడ్ పక్కనుంచి దిగిన వాన చుక్క గేర్ల దగ్గర ఆగదు. నేరుగా పంపు నోట్లోకి వెళ్తుంది.

1. "తెల్లగా ఉంటే నురగే, ఏం కాదు."

నురగ కావచ్చు, నీళ్లు కావచ్చు. ఊహించాల్సిన పని లేదు, తేల్చుకోవచ్చు. పని ఆపగానే కాస్త నూనెను గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. గాలి బుడగల వల్ల తెల్లబడితే తెల్లారేసరికి తేరుకుంటుంది, కింది నుంచి పైకి స్పష్టత వస్తుంది. నీళ్లయితే పాలు కలిపిన కాఫీ రంగు అలాగే నిలిచిపోతుంది, లేదా అడుగున నీళ్లు వేరుగా చేరతాయి. గాలి అని తేలితే నూనె మట్టం తగ్గిందేమో, పంపుకు నూనె అందించే గొట్టం కీళ్ల దగ్గర గాలి లాగుతోందేమో చూడాలి. నీళ్లని తేలితే మిగతా తొమ్మిది సలహాలు మీకోసమే.

సీసా స్పష్టంగా ఉన్నంత మాత్రాన నీళ్లు లేవని కూడా కాదు. ఖనిజ నూనె కొద్దిపాటి నీటిని కరిగించుకుని పైకి కనబడనివ్వదు. ఆ హద్దు దాటాకే మసకబారుతుంది. మన కంటికి తెల్లగా కనిపించే నాటికే నీళ్లు కావలసినదానికంటే ఎక్కువయ్యాయన్నమాట.

2. "రెండు గంటలు గట్టిగా తోలు అన్నా, వేడికి అదే ఆవిరైపోతుంది."

అన్నింటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. పని మీదున్న ట్రాక్టర్‌లో హైడ్రాలిక్ ఆయిల్ మామూలుగా 50, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర తిరుగుతుంది. నీళ్లు మరగడానికి 100 కావాలి. 60 దగ్గర కూడా కొంత ఆవిరి లేస్తుంది, నిజమే. కానీ దానికి బయటికి పోయే దారి సన్నటి గాలి మూత ఒక్కటే. మిగతాది హౌసింగు పైకప్పుకు పట్టి, ఇంజిన్ ఆపి నూనె చల్లారగానే నీటి బొట్లై మళ్లీ అందులోకే రాలుతుంది. పైగా ఆ రెండు గంటలూ గేర్లు, పంపు కలిసి నీటిని నూనెలో ఇంకా మెత్తగా చిలుకుతాయి. అడుగున వేరుగా ఉన్న నీరు కూడా కలిసిపోతుంది. దించి తీసేయడానికి వీలుగా ఉన్నదాన్ని వీలు లేకుండా చేసుకోవడమే ఈ సలహా ఫలితం.

3. "అడుగున ప్లగ్గు తీసి నీళ్లు వదిలేసి, నూనె రాగానే బిగించెయ్."

ట్రాక్టర్ కొన్ని రోజులు కదలకుండా నిలబడి ఉంటే ఇలా కొంత నీరు దిగుతుంది. నీళ్లు పడ్డాయో లేదో చూసుకోవడానికి ఇది మంచి పరీక్షే. మందు మాత్రం కాదు. ట్రాక్టర్ నూనెల్లో నీటిని చిన్న చిన్న కణాలుగా పట్టి ఉంచే రసాయనాలు కలుపుతారు. నీళ్లు ఒకచోట మడుగు కట్టి తుప్పు పట్టించకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. అందువల్ల కింద దిగిన నీరు ఎంతైనా, పైన తెల్లగా మిగిలిన నూనెలో ఇంకా నీరు ఉంటూనే ఉంటుంది. 8ఎన్ లాంటి బండ్లలో ఇంకో చిక్కుంది. కింద ఒకటి కాదు, మూడు ప్లగ్గులుంటాయి: గేర్ల కింద ఒకటి, పంపు కింద ఒకటి, డిఫరెన్షియల్ కింద ఒకటి. ఒకటి తీసి చేతులు దులుపుకుంటే మిగతా రెండు గుంటల్లో బురద అలాగే ఉంటుంది.

4. "ఫిల్టర్ మారిస్తే చాలు, నూనె ఎందుకు దండగ."

కాగితపు ఫిల్టర్ మట్టిని, ఇనప రజనును పడుతుంది. నూనెలో కలిసిపోయిన నీరు దాంట్లోంచి దర్జాగా వెళ్లిపోతుంది. నీళ్లు ఎక్కువైతే కాగితం ఉబ్బి, నూనె పారే దారి ఇరుకవుతుంది. అప్పుడు పంపుకు చాలినంత నూనె అందక అది మూలుగుతుంది. పంపు మూలుగు వినబడితే వెంటనే ఆపండి. పాత ఫిల్టర్‌ను కోసి చూస్తే మడతలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి. ఫిల్టర్ మార్చాలి, తప్పదు. అయితే నూనె దించిన ప్రతిసారీ దానితోపాటు మార్చాలి. నూనెకు బదులుగా కాదు.

5. "టర్కీ వేయించే గిన్నెలో పోసి మరిగించు, నీళ్లన్నీ పోతాయి."

థాంక్స్‌గివింగ్‌కు వాడే పెద్ద గిన్నె, ప్రొపేన్ పొయ్యి చాలా ఇళ్ల గ్యారేజీల్లో ఉంటాయి. వాటిని చూసి పుట్టిన ఆలోచన ఇది. ప్రాణాల మీదికి వచ్చే ఆలోచన కూడా. నీరు నూనెకంటే బరువు, అడుగుకు చేరుతుంది. అక్కడ అది ఒక్కసారిగా ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. పైనున్న వేడి నూనెను గిన్నె అంచు దాటించి కింద మంట మీదికి తోస్తుంది. ఆ మంట మనిషి దగ్గరికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. పోనీ ఏ ప్రమాదమూ జరగలేదనుకుందాం. అంత వేడికి గురైన నూనె తొందరగా పాతబడుతుంది. అరుగుదలను ఆపడానికి వేసిన రసాయనాలు నీటితో చర్య జరిపి అప్పటికే చెడి ఉంటాయి, మరిగించినంత మాత్రాన అవి తిరిగి రావు. నీళ్లు తీసే వాక్యూమ్ యంత్రాలు పెద్ద కర్మాగారాల్లో ఉంటాయి. ఒక ట్రాక్టరు నూనె కోసం ఎవరూ వాటి జోలికి పోరు.

6. "ఒక సీసా మిథనాల్ పోస్తే నీళ్లను లాగేస్తుంది."

చలికాలంలో పెట్రోలు ట్యాంకులో పోసే సీసాలు ఇక్కడ ప్రతి దుకాణంలోనూ దొరుకుతాయి. ట్యాంకులో నీరు ఆల్కహాల్‌తో కలిసి పెట్రోలుతోపాటు ఇంజిన్‌లో కాలిపోతుంది. హైడ్రాలిక్ ఆయిల్ కాలేది కాదు, తిరిగేది. అందులో పోసిన ఆల్కహాల్, నీరు రెండూ అక్కడే ఉంటాయి. నూనె పలచబడుతుంది, సీళ్లు దెబ్బతింటాయి. మిథనాల్ ఆవిరి 11 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగలదు. టెక్సాస్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకంటే వేడిగానే ఉంటుంది. అలాంటి ఆవిరిని వేడెక్కే ఇనప పెట్టెలో మూసి ఉంచడం ఏ లెక్కనా తెలివైన పని కాదు.

7. "డీజిల్ పోసి అరగంట పని చేయించు, కడిగినట్టు అవుతుంది."

డీజిల్ మురికిని కడుగుతుంది. కానీ పంపుకు, గేర్లకు కావలసిన నూనె పొర దానితో నిలవదు. బరువు ఎత్తుతూ నడిపితే లోహం లోహానికి రాసుకుంటుంది. హైడ్రోస్టాటిక్ గేర్ ఉన్న చిన్న ట్రాక్టర్లలో పిస్టన్ల మధ్య సందు కొద్ది మైక్రాన్లే, వాటికి ఇది విషం. దించిన తర్వాత కూడా గొట్టాల్లో, సిలిండర్లలో మిగిలిన డీజిల్ కొత్త నూనెను పలచబరుస్తుంది. కడగాలంటే మీ ట్రాక్టర్‌కు పనికొచ్చే నూనెతోనే కడగండి. ఆ విధానం చివర చెబుతాను.

8. "కడిగి పారబొయ్యడానికే కదా, ఏదైనా చవక పసుపు బకెట్ 303 కొనెయ్."

ఈ 303 అనే అంకె ఎక్కడిదో తెలుసుకోండి. అది ఒకప్పుడు జాన్ డీర్ కంపెనీ పెట్టుకున్న నూనె ప్రమాణం. అందులో కలిపే తిమింగలం నూనె వాడకం ఆగిపోయిన 1970లలోనే ఆ ప్రమాణాన్ని వదిలేశారు. ఆ అంకె మాత్రం చవక బకెట్ల మీద దశాబ్దాల పాటు బతికింది. ఇలాంటి నూనెలను మిస్సోరీ వ్యవసాయ శాఖ 2017లో పరీక్షించి అమ్మకాలు ఆపించింది. దేశం నలుమూలల నుంచి రైతులు వేసిన దావాలను 2020లో కాన్సస్ సిటీ ఫెడరల్ కోర్టులో ఒకచోట చేర్చారు. అందువల్ల బకెట్ మీద పెద్ద అంకె చూసి కొనకండి. మీ ట్రాక్టర్ పుస్తకంలో రాసిన ప్రమాణం, ఉదాహరణకు జాన్ డీర్‌కు జె20సి, బకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉందో లేదో చదవండి. నూనెలో మునిగే బ్రేకులున్న బండిలో ఈ తేడా బ్రేకు తొక్కినప్పుడు బయటపడుతుంది.

9. "ప్లాస్టిక్ పట్టా కప్పి నేల దాకా కట్టెయ్, చుక్క దిగదు."

వాన ఆగుతుంది, తేమ ఆగదు. నేలలోంచి లేచిన ఆవిరి పట్టా కింద బందీ అయి, రాత్రి చలికి ఇనుము మీద చెమ్మగా పడుతుంది. హౌసింగు లోపల కూడా ఇదే జరుగుతుంది. పగలు వేడికి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లారి తడి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. నెలకోసారి పది నిమిషాలు తిప్పి ఆపేసే బండ్లలో నూనె బాగా వేడెక్కనే వేడెక్కదు కాబట్టి ఈ చెమ్మ పేరుకుంటుంది. పైకప్పు ఉండి పక్కలు తెరిచిన కొట్టం పట్టాకంటే ఎంతో మేలు. పట్టాయే గతి అయితే సీటు, గేర్ రాడ్లు, గాలి మూత వరకు కప్పి కింద గాలి ఆడనివ్వండి.

10. "ఇన్నాళ్లూ నడిచింది, చలికాలం అయ్యాక చూద్దాం బాబాయ్."

అన్ని సలహాల్లోకీ ఖరీదైనది ఇదే. నూనెలో కొంచెం నీరు ఏం చేస్తుందో కొలిచినవాళ్లున్నారు. టిమ్కెన్ కంపెనీకి చెందిన కాంట్లీ 1977లో ప్రచురించిన లెక్క ప్రకారం, పది లక్షల భాగాల నూనెలో 100 భాగాల నీరున్నప్పుడు బేరింగుకు ఉండే ఆయుష్షు, నీరు 400 భాగాలైతే సగానికంటే తక్కువకు పడిపోతుంది. 400 భాగాలంటే ఐదు గ్యాలన్ల నూనెలో చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచాల నీళ్లు.

చలి వస్తే ఇంకో దెబ్బ. 2021 ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో సున్నా కింద 2 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు సున్నా కింద 19 సెల్సియస్ నమోదైంది. అలాంటి ఉదయం అడుగున చేరిన నీరు గడ్డ కడితే పంపుకు నూనె పోయే జల్లెడ మూసుకుపోతుంది. స్టార్ట్ చేయగానే పంపు ఖాళీగా తిరుగుతుంది. నీరు మరీ ఎక్కువుంటే మంచు పెరిగి పోత ఇనుము హౌసింగే పగలొచ్చు. పశువులకు గడ్డి మోయాల్సిన రోజే, దారిలో మంచు తోయాల్సిన రోజే లిఫ్టు లేవదు.

మరి చెయ్యాల్సిందేమిటి?

ముందు నీరు వచ్చిన దారి పట్టుకోండి. గేర్ రాడ్ కింద రబ్బరు తొడుగు పగిలిందా? బయట నిలబెట్టిన పాత బండ్లలో ఎక్కువసార్లు దొంగ ఇదే, కొత్తది కొన్ని డాలర్లకే వస్తుంది. డిప్‌స్టిక్, నూనె పోసే మూతల రబ్బరు రింగులు ఎండిపోయాయా? గాలి మూత విరిగిందా? లోడర్ సిలిండర్ కడ్డీ మీద తుప్పు గుంటలున్నాయా? ఉంటే వానలో తడిసిన కడ్డీ లోపలికి వెళ్లిన ప్రతిసారీ కొంత నీటిని తీసుకెళ్తుంది. ప్రెషర్ వాషర్‌తో కడిగే అలవాటుంటే ఈ చోట్ల మీద నేరుగా కొట్టడం మానండి. మన గోదావరి జిల్లాల్లో దమ్ము చేసే ట్రాక్టర్లకు వెనక ఇరుసు సీళ్ల గుండా బురదనీరు ఎక్కడం అందరూ ఎరిగినదే. ఇక్కడ కూడా వరదలో చక్రం మునిగేదాకా నిలిచిన బండికి అదే దారి. దారి మూయకుండా మార్చిన నూనె తర్వాతి వానకు మళ్లీ తెల్లబడుతుంది.

తర్వాత దించడం. బండిని సమమైన నేల మీద నిలబెట్టండి. నూనె గోరువెచ్చగా పారేలా కాసేపు నడిపి, లోడర్‌ను నేలకు దించి, ఇంజిన్ ఆపండి. కింద ప్లగ్గులన్నీ తీయండి. లిఫ్టు చేతులు కిందికి ఉండాలి. రాత్రంతా కారనివ్వండి. ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దానికి అంటిన రజను తుడిచి చూడండి. బూడిదలా మెత్తటిదైతే మామూలు అరుగుదల, లోహపు ముక్కలుంటే మెకానిక్‌కు చూపించాలి. జల్లెడ ఉంటే విప్పి కడగండి.

ఒక్కసారి దించితే సరిపోదు. నూనెలో కొంత భాగం సిలిండర్లలో, గొట్టాల్లో, స్టీరింగులో మిగిలిపోతుంది. కొత్త నూనె, కొత్త ఫిల్టర్ వేసి, బరువు లేకుండా లిఫ్టును, లోడర్‌ను, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు చాలాసార్లు ఆడించండి. ఒకటి రెండు గంటలు తేలికపాటి పని చేయించి మళ్లీ సీసాలో పట్టి చూడండి. మసక కనిపిస్తే మళ్లీ దించండి. బాగా తెల్లబడిన బండికి రెండు, ఒక్కోసారి మూడు విడతలు పడతాయి. ఎక్కడ ఆపాలో సందేహముంటే ఒక చిన్న సీసా నూనె ప్రయోగశాలకు పంపండి. కార్ల్ ఫిషర్ పద్ధతిలో నీరు ఎంతుందో కొలిచి చెప్పమని అడగండి. ఆ ఖర్చు ఒక బకెట్ నూనెకంటే తక్కువే ఉంటుంది.

దించిన నూనెను కంచె వెంట, కలుపు మీద, చెదలకని పొయ్యకండి. ఒక్క గ్యాలన్ వాడిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. పల్లెలో మీరు తాగేది కూడా బోరు నీరే కావచ్చు. పాత నూనె తీసుకునే కేంద్రాలు ఉన్నాయి. నీళ్లు కలిసినదని ముందే చెప్పి, తీసుకుంటారో లేదో అడగండి. వద్దంటే కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సేకరణ రోజు ఎప్పుడో కనుక్కోండి.

జహీరాబాద్‌లో తయారైన ట్రాక్టరైనా, డెట్రాయిట్ దగ్గర పుట్టిన 8ఎన్ అయినా ఈ నియమం ఒక్కటే: నూనెలోని నీరు నూనెతోపాటే బయటికి పోవాలి, అడ్డదారి లేదు. చలి రాకముందు, అక్టోబరులో ఒక శనివారం గాజు సీసాలో మీ ట్రాక్టర్ నూనె పట్టి చూడండి. మసకగా కనిపిస్తే ఎవరి సలహా కోసమూ ఆగకుండా ఆ వారంలోనే దించెయ్యండి.